మన పొరుగు విచారణ: భక్తిలో నేర్చుకొనదగినది

పఠింపవలసిన భాగములు: యోహాను 17:20-26, ఎఫెసీ 4:1-6, రోమా 14:1-13



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మన ప్రార్థనాలయమును, రోమను కతోలిక దేవాలయమును ఒకే వాడలో నున్న గ్రామములు కలవు. అచ్చటి వారమందరము ఒకే చెరువు క్రింద నాట్లు వేయుదుము. ఒకే చేలో పత్తి ఏరుదుము. పిల్లనిచ్చి పుచ్చుకొందుము. అయినను ఆదివారము వచ్చునప్పటికి ఎవరి గుమ్మము వారిదే. వారు లోపల ఏమి చేయుదురో మనకు తెలియదు, మనమేమి చేయుదుమో వారికి తెలియదు. తెలియని చోట అపోహ మొలచును. “వారు బొమ్మలకు మ్రొక్కెడివారు” అని మనలో కొందరు, “వీరు దేవమాతను గౌరవింపనివారు” అని వారిలో కొందరు చెప్పుకొందురు.

ఈ మాసపు పాఠములో మన పొరుగున నున్న కతోలిక విచారణ యొక్క ప్రార్థనా జీవితమును కొంచెము దగ్గరగా చూతము. మన విశ్వాసమును సడలించుటకు గాని, వారి విశ్వాసమును నిందించుటకు గాని ఇది వ్రాయుట లేదు. పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ (నిర్గమ. 20:16) వాని భక్తి విషయములో కూడ మనకు వర్తించును. కనుక ముందుగా నిజము తెలిసికొందము. పిమ్మట అందులో మనకేమి పాఠమున్నదో ఆలోచింతము.

1. విచారణ అనగా నేమి?

మనము పాస్టరేటు అనుదానిని వారు విచారణ అందురు. కొన్ని గ్రామములు కలిసి ఒక విచారణయగును. విచారణ గురువు కేంద్రమైన ఊరిలో నివసించి, చుట్టునున్న గ్రామములకు వంతుల చొప్పున వెళ్లి పూజ చేయును. ఆయన లేని దినములలో ప్రార్థన నడిపించుటకును, పిల్లలకు జపములు నేర్పుటకును ఉపదేశి యుండును. అనేక విచారణలు కలిసి ఒక మేత్రాసనము. దానిపై అధికారి పీఠాధిపతి.

పై మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. వానిలో చాల భాగము పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది. వరంగల్లు మేత్రాసనము 1952 డిసెంబరు 22న హైదరాబాదు మేత్రాసనము నుండి వేరుచేయబడెను. ఇటలీ దేశస్థుడైన అల్ఫోన్సో బెరెత్తాగారు దాని మొదటి పీఠాధిపతి. ఆయన చేరిన మిలాను మిషనరీ సంఘపు గురువులు 1855 నుండియే హైదరాబాదు రాజ్యములో పని చేయుచుండిరి. తరువాతి కాలములో తెలుగువారైన తుమ్మా బాలగారు వరంగల్లు పీఠాధిపతులై, 2011లో హైదరాబాదు అగ్రపీఠాధిపతులైరి. ఆ హైదరాబాదు అగ్రపీఠమునందున్న పూల అంతోనిగారు 2022 ఆగస్టు 27న కార్డినలు అయిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి పొందినవారిలో ఆయనయే ప్రథములు.

విచారణ అను మాటను గమనించుడి. మన తెలుగులో బాగోగులు కనుగొనుటకు విచారించుట అందుము. గొఱ్ఱెల బాగోగులు అడిగి తెలిసికొను కాపరి యున్నంత వరకే అది విచారణ. ఇది మన పాస్టరేటులకు కూడ చెందిన మాటయే.

2. దినమునకు ఒక క్రమము

ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము గంట మ్రోగినప్పుడు త్రికాల జపము చెప్పుట కతోలికుల పూర్వాచారము. దేవదూత మరియమ్మకు శుభవార్త తెలుపుటయు, వాక్యము శరీరధారియై మన మధ్య నివసించుటయు ఆ జపములో స్మరింతురు. చేలో నున్నవారు ఒక నిమిషము పని ఆపి సిలువ గురుతు వేసికొని, జపము చెప్పి, మరల పనిలోనికి వంగవచ్చును. గుడికి వచ్చుటకు తీరిక లేనివారి యొద్దకు గంటయే ప్రార్థనను తీసికొనిపోవును.

ఇది లేఖనమునకు క్రొత్త సంగతి కాదు. దానియేలు దినమునకు ముమ్మారు మోకాళ్లూనెను (దాని. 6:10). దావీదు సాయంకాలమున, ఉదయమున, మధ్యాహ్నమున మొఱ్ఱపెట్టెను (కీర్తన 55:17). పేతురు మధ్యాహ్నవేళ మేడయెక్కి ప్రార్థించెను (అ.కా. 10:9). మన యిండ్లలో కుటుంబ ప్రార్థనకు ఏ వేళ నియమింపబడియున్నది? టెలివిజను కార్యక్రమమునకు వేళ తెలిసిన యింటిలో ప్రార్థనకు వేళ లేకపోయినయెడల, ఆ యింటివారు పొరుగువాని గంటను విని నవ్వుటకు తగుదురా?

3. సంవత్సరమునకు ఒక క్రమము

తపస్సు కాలమున నలువది దినములు ఉపవాసము, ప్రార్థన, దానధర్మము చేయుదురు. నొసట బూడిద పెట్టుకొను బుధవారముతో అది ఆరంభమగును. శుక్రవారములందు సిలువ మార్గము నడిపింతురు. పిలాతు తీర్పు మొదలుకొని సమాధి వరకు పదునాలుగు స్థలములున్నవి. ఒక్కొక్క స్థలమునొద్ద నిలిచి, ప్రభువు శ్రమలను ధ్యానించి, మోకరించి ముందుకు సాగుదురు. చదువురాని ముసలమ్మకైనను ఆ పదునాలుగును వరుసగా తెలిసియుండుట ఆశ్చర్యము కాదు, ఏలయనగా ఆమె కాళ్లతో నడిచి నేర్చుకొన్నది. అందులో కొన్ని స్థలములు సువార్తలలో లేనివి, సంప్రదాయమున వచ్చినవి. ఎక్కువ భాగము సువార్తలలోనివే.

ఫిబ్రవరి మాసమున 9, 10, 11 తేదీలలో విజయవాడయొద్ద గుణదలలో మరియమాత ఉత్సవము జరుగును. దూరప్రాంతముల నుండియు భక్తులు అచ్చటికి చేరుదురు.

ఇంకొక ముఖ్య విషయము చాలమందికి తెలియదు. వారి పూజ పూర్వము లతీను భాషలో జరిగెడిది. వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనను గూర్చిన శాసనము ప్రకటించిన తరువాత దేశభాషలకు త్రోవ తెరువబడి, మన ప్రాంతమున తెలుగు వచ్చెను. 1969లో క్రొత్త పఠన క్రమము ఏర్పడెను. దాని ప్రకారము ఆదివారమున సాధారణముగా పాత నిబంధన నుండి ఒకటి, పత్రికల నుండి ఒకటి, సువార్త నుండి ఒకటి చదివి, ఒక కీర్తన పాడుదురు. మొదటి సంవత్సరము మత్తయి, రెండవ సంవత్సరము మార్కు, మూడవ సంవత్సరము లూకా ముఖ్యముగా చదువబడును. యోహాను సువార్తకు పండుగ కాలములలో స్థానము కలదు. కనుక మూడేండ్లు విడువక గుడికి వచ్చినవాడు చేత గ్రంథము లేకపోయినను సువార్తలలో చాల భాగము వినును.

మనము గ్రంథమును చేతబట్టుకొను జనమని పేరు పొందితిమి. అయితే మూడేండ్లలో మన సంఘములలో ఏయే భాగములు చదువబడెనో లెక్కించి చూడుడి. బోధకునికి ఇష్టమైన పది భాగములే మరల మరల వచ్చుచుండినయెడల, గ్రంథము సంచిలో నున్నది గాని సంఘములో లేదని చెప్పవలసియుండును.

4. జపమాలను గూర్చి

మనవారికి ఎక్కువ అభ్యంతరమైనది జపమాల. ముందు అది ఏమో తెలిసికొందము. అందు ఐదు పదుల పూసలు. ప్రతి పదికి ముందు ప్రభువు నేర్పిన ప్రార్థన, తరువాత పది మారులు మంగళవార్త జపము, కడపట త్రిత్వ స్తోత్రము. ఆ మంగళవార్త జపపు మొదటి సగము దేవదూతయు ఎలీసబెతమ్మయు పలికిన మాటలే (లూకా 1:28, 42). పూసలు త్రిప్పుచుండగా మనస్సు ప్రభువు జీవితములోని ఒక్కొక్క ఘట్టముమీద నిలుపవలెనని వారి బోధ. అట్టి ఘట్టములు పూర్వము పదునైదు. 2002లో యోహాను పౌలు పాపుగారు ప్రభువు బాప్తిస్మము, కానా పెండ్లి మొదలైన ఐదింటిని చేర్చగా ఇరువదియైనవి.

ఆ జపపు రెండవ సగములో మరియమ్మను మనకొరకు ప్రార్థింపుమని వేడుకొందురు. అక్కడ మనము వారితో కూడ పలుకలేము. దేవునికిని నరులకును మధ్యవర్తి ఒక్కడే యని (1 తిమో. 2:5) మనము నమ్ముదుము గనుక తిన్నగా ఆయన యొద్దకే పోవుదుము. ఒకే మాట పలుమారులు పలుకుటయే తప్పు అని మాత్రము చెప్పకూడదు. 136వ కీర్తనలో ఒకే పల్లవి 26 మారులు వచ్చుచున్నది. ప్రభువు ఖండించినది మనస్సులేని వ్యర్థమైన మాటలను (మత్తయి 6:7). మనస్సులేని ప్రార్థన పూసలతోను చేయవచ్చును, పూసలు లేకయు చేయవచ్చును.

5. దాచకూడని భేదములు

ప్రేమ పేరిట భేదములను కప్పిపుచ్చుట మేలు కాదు. పాపుగారి అధికారము, పునీతులను వేడుకొనుట, మృతుల కొరకు ప్రార్థించుట, గురువునొద్ద పాపములు ఒప్పుకొనుట: వీనిలో మన త్రోవ వేరు. దివ్యసత్ప్రసాదమును వారు సాధారణముగా ఇతర సంఘస్థులకు ఇయ్యరు. అది మనలను అవమానించుట కాదు, వారి నియమము. వారి పూజకు వెళ్లినప్పుడు పంక్తిలో నిలువక, భక్తితో కూర్చుండుట మర్యాద.

అయినను 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో కతోలికులును లూథరనులును ఒక ఒప్పుదలపై సంతకములు చేసిరి. మనుష్యుడు తన క్రియలచేత కాక క్రీస్తునందు దేవుని కృపచేతనే నీతిమంతుడుగా తీర్చబడునని ఇరువురును కలిసి ఒప్పుకొనిరి. మెథడిస్టులు 2006లో దానిని అంగీకరించిరి. దాదాపు అయిదు వందల ఏండ్ల కలహములో ఇది గొప్ప అడుగు. మన గ్రామములలో ఈ వార్త ఎందరికి చేరినది?

6. పెండ్లియు సమాధియు

భేదములు మన కుటుంబములను తాకుచోటు ఇదియే. మన పిల్లవానికి విచారణ పిల్లను నిశ్చయించిరనుకొందము. “మా గుడిలో మరల బాప్తిస్మము పొందవలెను” అని ఒక ప్రక్కయు, “మా గురువు చేతనే జ్ఞానస్నానము కావలెను” అని మరియొక ప్రక్కయు పట్టుపట్టినయెడల, కన్నీరు కార్చునది ఆ పిల్ల. పెద్దల పంతమునకు ఆమె మనస్సాక్షి బలికాకూడదు.

పరిష్కారమునకు కొంత త్రోవ ఉన్నది. నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున ఇయ్యబడిన బాప్తిస్మమును కతోలిక సంఘము అంగీకరించును. అట్టిదానిని మరల ఇయ్యదు. 1964 నవంబరు 21న వాటికను మహాసభ ప్రకటించిన శాసనము, సరిగా బాప్తిస్మము పొందిన ఇతర సంఘస్థులను క్రీస్తునందు సహోదరులని పిలిచినది. దక్షిణ ఇండియా సంఘమును వారి జ్ఞానస్నానమును బాప్తిస్మముగానే ఎంచును. బాప్తిస్టు సంఘముల విశ్వాసము వేరు. తన నోట విశ్వాసము ఒప్పుకొన్నవారికే బాప్తిస్మమని వారు బోధింతురు. అట్టి యిండ్లలో ఈ సంగతి నిశ్చయ తాంబూలములకు ముందే మాటలాడుకొనవలెను గాని, పందిరి వేసిన తరువాత కాదు.

వారి 1983 నాటి ధర్మశాస్త్రము ప్రకారము ఇట్టి పెండ్లికి పీఠాధిపతి అనుమతి కావలెను. బిడ్డలను కతోలిక విశ్వాసములో పెంచుటకు తన శక్తికొలది ప్రయత్నింతునని కతోలిక పక్షమువారు మాట ఇయ్యవలెను. మన పక్షమువారికి ఆ మాటను ముందుగా తెలియజేయవలెను, అంతేగాని వారిచేత వాగ్దానము చేయింపరు. కాబట్టి ఇరుపక్షముల పెద్దలు పాస్టరుగారిని, విచారణ గురువును ఇద్దరిని కలిసికొని, బిడ్డల సంగతి కూడ దాచక మాటలాడవలెను. ఇందుకు బాప్తిస్మపు సర్టిఫికెట్టు అవసరము. మన సంఘముల రిజిష్టరులు చెదలు పట్టకుండ, పేరు, తేదీ, తలిదండ్రుల పేర్లు సరిగా వ్రాసియుంచుట చిన్న పని కాదు. నేడు వ్రాయని ఒక వరుస ఇరువది యేండ్లకు ఒక పిల్లకు చిక్కు తెచ్చును.

సమాధియొద్ద మన పని ఇంకను సులభము. మృతుని కొరకు వారు చేయు జపమును మనము చేయము. కాని పాడె మోయుటకును, గుంట త్రవ్వుటకును, ఏడ్చు ఇంటికి అన్నము వండి పంపుటకును ఏ సిద్ధాంతమును అడ్డురాదు. శ్మశానపు జాగా విషయమున క్రైస్తవులు ఇరుపక్షములై వాదులాడినయెడల, ఊరివారికి మనము చెప్పు పునరుత్థానము ఏమి కనబడును?

బాధలో కూడ మనము వేరు కాము. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు దళిత క్రైస్తవునికి షెడ్యూల్డు కులపు హక్కు లేకుండ చేసినది. సిక్కులకు 1956లోను, బౌద్ధులకు 1990లోను ఆ హక్కు కలిగెను. కతోలికుడా, ప్రొటెస్టంటా అని ఆ ఉత్తరువు అడుగలేదు.

7. డోర్నకల్లు ఇచ్చిన మాదిరి

ఐక్యత కొరకైన తలంపు మనకు దూరదేశమునుండి వచ్చినది కాదు. నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లులో వి. ఎస్. అజరయ్యగారు 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకింపబడి పని చేసిరి. ఆంగ్లికను సంఘమున ఆయన ప్రథమ భారతీయ బిషప్పు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలమీద చేయి యుంచుకొని, సువార్త చెప్పుట నా బాధ్యతయని ఒప్పుకొనునట్లు ఆయన నేర్పిరి. అక్కడి దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దాని కట్టడములో హిందూ, ముస్లిము శిల్పరీతులును కలిసియున్నవి.

1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశమందును, 1927లో స్విట్జర్లాండు దేశపు లొసాను మహాసభయందును ఆయన సంఘైక్యత కొరకు వాదించిరి. క్రైస్తవులు కొద్దిమందియైన దేశములో మన చీలికలు సాక్ష్యమునకే అడ్డమని ఆయన తలంపు. 1945 జనవరి 1న ఆయన నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమును ఆయన కన్నులార చూడలేదు. విత్తినవాడు ఒకడు, కోయువాడు మరియొకడు.

ఆ ఐక్యతలో కతోలికులు చేరియుండలేదు, ఈనాటికిని చేరలేదు. పెద్దల సభలు చేయవలసినది పెద్దలు చేయుదురు. మన వాడలో మనము చేయగలిగినది మనకు మిగిలియున్నది. విచారణ గంట మ్రోగినప్పుడు అది మనకు పరాయి గంట కాకుండును గాక. అది విని మనమును ఒక నిమిషము నిలిచి, మన ప్రభువును మన మాటలతో స్తుతించి, ఆ వీధి కడపటనున్న మన పొరుగువారి కొరకు ప్రార్థింతము.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన కుటుంబ ప్రార్థనకు నియమితమైన వేళ ఏది? లేనియెడల ఈ వారమే ఏ వేళ నియమింతుము?
2. గడచిన సంవత్సరము మన సంఘములో చదువబడని సువార్త భాగములేవి?
3. మన బాప్తిస్మపు రిజిష్టరు ఎవరి యొద్ద, ఏ స్థితిలో నున్నది?
4. మన ఊరిలో కతోలిక కుటుంబమున కీడు జరిగినప్పుడు మన సంఘము ఏమి చేయుచున్నది?

ప్రార్థనాంశములు: వేరు వేరు సంఘముల నుండి వచ్చిన దంపతుల కొరకును, వారి బిడ్డల కొరకును, గ్రామ ఉపదేశుల కొరకును, వరంగల్లు, డోర్నకల్లు అధ్యక్ష మండలములలోని కాపరులందరి కొరకును ప్రార్థించుడి. ఆమెన్.