చచ్చిన పాము ఎందుకు కదులుతుంది?

సామెతల గ్రంథం 30వ అధ్యాయంలో జ్ఞాని తనకు అంతుపట్టని నాలుగు సంగతులు చెబుతాడు. వాటిలో ఒకటి బండమీద పాము పోయే తీరు. ఆ వింత నేడు చాలావరకు విడిపోయింది. ఏన్కూరు చుట్టుపక్కల పత్తి చేలలో, మిరప తోటలలో పనిచేసే మనవారికి అంతకంటే అవసరమైన ప్రశ్న మరొకటి ఉన్నది. తల తెగగొట్టిన పాము కూడా మెలికలు తిరుగుతుంది, ఎందుకని? పగబట్టిందని కొందరంటారు. పిల్లలేమో పుల్లతో పొడిచి, తోక ఆడితే నవ్వుతారు. ఆ ఆట మంచిది కాదు.

ముందు నడక సంగతి చూద్దాం. మనిషి వెన్నులో 33 పూసలుంటే పాముకు సాధారణంగా 200 నుండి 400 వరకు ఉంటాయి. వాటిని అంటి పొడవునా కండరాలున్నాయి. ఒక పక్క కండరం బిగిసి, రెండవ పక్కది సడలి, ఆ అల తల నుండి తోక వరకు పాకుతుంది. ఒళ్లు వంగిన ప్రతిచోటా గడ్డినో, రాయినో, మట్టిబెడ్డనో తన్ని ముందుకు జరుగుతుంది. అందుకే నున్నని గచ్చుమీద పడిన పాము ఎంత మెలికలు తిరిగినా తొందరగా సాగలేదు. ఎలుక బొరియలో అయితే వెనుక భాగాన్ని ముడిచి గోడలకు ఆనించి, తలను చాచి, తరువాత వెనుక భాగాన్ని లాక్కుంటుంది. కొండచిలువ, రక్తపింజర వంటి బరువైనవి ఒక్కొక్కసారి మెలిక లేకుండా తిన్నగా పోతాయి. పొట్టకింది చర్మాన్ని కండరాలు ముందుకు లాగి నేలకు పట్టించి, ఒంటిని దానిమీదుగా జరుపుతాయి.

(రక్తపింజరకు ఇంగ్లీషులో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుని పేరున్నది. విశాఖపట్నంలో పనిచేసిన ఆయన 1796లో అచ్చయిన తన గ్రంథంలో ఆ పామును ‘కాటుక రేకుల పొడ’ అనే తెలుగు పేరుతోనే రాశాడు.)

శాపానికి ముందు పాముకు కాళ్లుండేవా అని సత్యోపదేశ తరగతిలో పిల్లలు అడుగుతుంటారు. ఆదికాండం జంతుశాస్త్రం నేర్పడానికి రాసినది కాదు. అయినా కొండచిలువ తోక మొదట్లో రెండు చిన్న గోళ్లుంటాయి. అవి వెనుక కాళ్ల ఆనవాళ్లే.

ఇక అసలు సంగతి. కదలమని ఆజ్ఞ మెదడు ఇచ్చినా, ఆ అలను నడిపించే నరాలు వెన్నుపాము పొడవునా ఉన్నాయి. తల పోయినా అవి వెంటనే చావవు. కోడిని కోసినప్పుడు అది కాసేపు కొట్టుకోవడం, తెగిన బల్లి తోక ఎగరడం మనం చూసినవే. కోడి వేడిరక్తపు జీవి, ప్రాణవాయువు ఎక్కువ కావాలి, కనుక తొందరగా ఆగిపోతుంది. పాముకు చాలా తక్కువ ప్రాణవాయువు సరిపోతుంది. అందుచేత తాకితే చాలు, ఒళ్లు చుట్టుకుంటుంది. అందులో పగ లేదు, తెలివీ లేదు.

తెగిన తలలోనూ ఇదే జరుగుతుంది. నోటికి ఏదైనా తగిలితే దవడలు మూసుకుంటాయి, తిత్తిలోని విషం కోరల్లోకి దిగుతుంది. అమెరికాలోని అరిజోనాలో 11 నెలల కాలంలో పాముకాటుతో వచ్చిన 34 మందిలో ఐదుగురిని కరిచినవి చచ్చాయనుకున్న పాములేనని 1999లో వైద్యులు ప్రకటించారు. మన దేశంలో అస్సాం నుండి ఇటువంటివి మూడు 2025లో వెలువడ్డాయి. ఒకాయన కోళ్లగూటికి వచ్చిన తాచును నరికి, మొండెం పారవేయబోతుండగా తల బొటనవేలిని కరిచింది. మరొకరిని ట్రాక్టరు కింద నలిగిన తాచు కరిచింది. మూడవది కట్లపాము జాతిది. చచ్చి కొన్ని గంటలైన దాని తలను చేతితో పట్టుకున్న మనిషికి విషమెక్కింది. చికిత్స తరువాత ముగ్గురూ బ్రతికారు.

కాబట్టి చచ్చిన పామును చేతితో ముట్టవద్దు. పొడవైన కర్రతో గుంటలోకి తోసి, తలతో సహా పూడ్చండి. కరిచిన పామును సంచిలో వేసి ఆసుపత్రికి మోసుకుపోయే అలవాటు మనవైపు ఉన్నది. అది అనవసరం. మన దేశంలో ఇచ్చే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం చేయకుండా, కరిచిన కాలునో చేయినో కదలనీయక, ఆ మనిషిని నడిపించక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. చచ్చిన పాము కరిచినా చికిత్స అదే, తొందరా అంతే.