గిటారు పెడలు – గృహమున మరమ్మతు

గిటారు తీగ కంపనము విద్యుత్ సంకేతముగా మారి పెడలును చేరును. 1960వ దశకమునందు ఒక్కొక్క పెడలు సాధారణముగా ఒక్క మార్పునే చేసెడిది. మల్టీ ఎఫెక్ట్ పెడలులోని చిప్పు ఆ సంకేతమును అంకెలుగా మార్చి, ప్రతిధ్వని మొదలగు అనేక మార్పులు చేసి, మరల బయటికి పంపును.

యాలాల్ విద్యార్థి ఇంట అట్టి పెడలు మూగవోయినచో, చిప్పు కాలినదని తలంచి పారవేయరాదు. దోషమును వెలుపలినుండి లోపలికి వెదకవలెను.

మొదట అడాప్టరు. పెక్కు పెడళ్ళకు 9 వోల్టులు, ప్లగ్గు నడుమ రుణధ్రువము కావలెను. ఇతర అడాప్టర్లలో తరచు నడుమ ధనధ్రువముండును. మల్టీమీటరుతో సరిచూడక తగిలించినచో పెడలు చెడిపోవచ్చును. పిమ్మట కేబులు మార్చి చూడవలెను. తరువాత జాకు: పదేపదే లాగుటచే దాని సోల్డరు బీటలువారును, మరల అతికిన చాలును. తాండూరు ప్రాంతపు నాపరాళ్ళ దుమ్ము స్విచ్చులలో చేరినచో కాంటాక్టు క్లీనరుతో శుభ్రపరచవలెను. కొన్ని పాత పెడళ్ళు అమరికలను మరచుటకు లోపలి బటన్ సెల్లు కారణము. సెల్లు మార్చుటకు ముందు అమరికలను కాగితముపై వ్రాసికొనవలెను.

విప్పుటకు ముందు ప్లగ్గు తీయవలెను. అడాప్టరును మాత్రము ఎన్నడును విప్పరాదు. దానికి వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు.

ఇక మార్పుల సంగతి. ఎఫెక్టుల స్వభావము చిప్పులోని ప్రోగ్రామునందున్నది. కండెన్సరు మార్చినంతనే అది మారదు. గట్టి జాకు, మంచి స్విచ్చు అమర్చుటయే ప్రయోజనకరము. విడిభాగములకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ ప్రసిద్ధము.

తెలుగు బోధించు మేము వాక్యదోషమును పదము పదముగా పరిశీలింపుమని చెప్పుచుందుము. యంత్రదోషమునకును అదియే మార్గము. ఆ క్రమము తప్పని విద్యార్థికి విలువైన పరికరము దక్కును; పాఠ్యపుస్తకములోని ఓమ్ నియమము చేతికి తెలిసివచ్చును.