జాజ్ సంగీత విద్య – అందుకు తగిన పూర్వసన్నాహము

విద్యార్థులారా! సంగీతమును విశ్వవిద్యాలయమునందు పఠించి పట్టము పొందవచ్చునని మీరెరుగుదురు. విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రధానాచార్యులుగను, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిను ఆచార్యులుగను శిష్యులను తీర్చిదిద్దిరి. అమెరికాదేశపు జాజ్ సంగీతమునకును ఇట్టి విద్యాలయములు గలవు. అందు ప్రవేశింపగోరు కల్వకుర్తి ప్రాంతపు విద్యార్థి ముందుగా నేమి నేర్వవలయునో ఈ వ్యాసమున తెలుపుచున్నాను.

జాజ్ అననేమి? ఆఫ్రికా సంతతివారి పనిపాటలు, దేవాలయ గీతములు, బ్లూస్ పాటలు, వీధి బ్యాండుల వాద్యములు కలిసి, ఇరువదవ శతాబ్దారంభమున న్యూ ఆర్లియన్సు నగరమున రూపొందిన సంగీతము. ఇందు గాయకుడు గాని వాదకుడు గాని తెలిసిన వరుస నాధారముగా గొని, అప్పటికప్పుడు క్రొత్త స్వరములను కల్పించును. ఇది మన విద్వాంసుల మనోధర్మమునకు సన్నిహితమైనది. భేదమొకటి గలదు. కల్పనస్వరము పాడునపుడు రాగమును ఆధారషడ్జమును మారవు. జాజ్‌నందు వరుస క్రింద మూడు నాలుగు స్వరములు కూడి ఏకకాలమున పలుకుచుండును. దీనిని కార్డ్ అందురు. ఈ కార్డ్ మారినపుడెల్ల వాదకుని కల్పనయు దాని ననుసరింపవలయును.

మొదట ఈ విద్యను గురువుల సహవాసమునను వినికిడివలనను నేర్చుకొనెడివారు. 1947లో టెక్సాసు రాష్ట్రమందలి డెంటన్ పట్టణమున, నాడు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయై నేడు నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయమైన సంస్థ దీనికి మొదటి పట్టమును ఏర్పరచెను. పట్టమునకు జాజ్ అను పేరుంచక నృత్యవాద్యబృందమను పేరిడిరి. అచ్చటి ముఖ్యబృందమునకు, అది సాధన చేయు వేళనుబట్టి, 'ఒంటిగంట' బృందమని పేరు. ఇట్టి పట్టమునకు సామాన్యముగా నాలుగేండ్లు. వాద్యము, కల్పన, స్వరరచన, సంగీతశాస్త్రము, చరిత్ర, బృందవాదనము పాఠ్యాంశములు.

ఇచ్చట ఒక విషయము గుర్తింపవలెను. ఇట్టి శాఖలలో మార్కులు మాత్రము చూచి చేర్చుకొనరు, వాయించి వినిపింపుమందురు. బ్లూస్ నొకదానిని, ప్రసిద్ధమైన వరుస నొకదానిని వాయించుట, వ్రాసిన స్వరములను చూచినతోడనే పలికించుట, వినిన స్వరమును గుర్తించుట పరీక్షలో నుండును. మన మెట్టరైతు వాన పడిన పిదప నాగలికై వెదకడు. ముందే దుక్కి దున్ని యుంచును. సంగీత విద్యార్థియు నట్లే చేయవలెను.

మొదటి సన్నాహము చెవికి సంబంధించినది. హార్మోనియముపై ఒక స్వరమును వాయించి, దానిని పాడి, ఎంత యంతరమున నున్నదో చెప్పుట నిత్యము అభ్యసింపుడు. ప్రార్థనామందిరమున నాలుగు గాత్రములతో గీతములు పాడు బాలబాలికలకు ఈ విద్యలో కొంత పరిచయము ముందే కలుగును.

రెండవది, పాశ్చాత్య స్వరలిపిని చదువుట. అయిదు గీతలపై వ్రాసిన స్వరమును మాతృభాషవలె చదువగలుగవలెను.

మూడవది, బ్లూస్ చట్రము. దీనిని నేడే అభ్యసింపవచ్చును. నాలుగేసి అక్షరములు గల పన్నెండు ఆవర్తనములను చేతితో లెక్కింపుడు. మొదటి నాలుగింటను షడ్జముపై స-గ-ప కార్డ్, అయిదు, ఆరులందు మధ్యమముపై మ-ధ-స, ఏడు, ఎనిమిదులందు మరల షడ్జము, తొమ్మిదింట పంచమముపై ప-ని-రి, పదింట మధ్యమము, కడపటి రెండింట షడ్జము. స్వరములు శంకరాభరణమునకు చెందినవి. ఒకరు హార్మోనియముపై కార్డ్‌లను పలికించుచుండ, ఇంకొకరు తప్పిపోక స్వరకల్పన చేయవలెను. గాంధారమును ఒకింత తగ్గించి పాడినచో బ్లూస్ ఛాయ కలుగును.

నాలుగవది, వినుట. లూయీ ఆర్మ్‌స్ట్రాంగు, డ్యూక్ ఎలింగ్టను మొదలగువారి వాదనము నొకదానిని ఎన్నుకొని, అది కంఠస్థమగువరకు విని, తామును పాడవలెను. పదింటిని పైపైన వినుటకంటె ఒకదానిని లోతుగా వినుట మేలు.

తలిదండ్రులకొక మనవి. మెట్టపొలమును తాకట్టుపెట్టి బిడ్డను విదేశమునకు పంపుటకు పూర్వము, అతడు రెండుమూడేండ్లు విడువక సాధన చేసెనా యని చూడుడు. లండను ట్రినిటీ కళాశాలవారి శ్రేణిపరీక్షలు మనదేశమున జరుగును. చెన్నపట్టణమున 2008లో ఏ. ఆర్. రెహమాన్ గారు స్థాపించిన సంగీత విద్యాలయమునందు పాశ్చాత్య సంగీతము నేర్పుదురు. ఇట్టి మెట్లపై నిలువగలిగినవానిని దూరదేశమునకు పంపవచ్చును. ఈ విద్య ముగియగానే జీతము లభించునని నమ్ముటయు తగదు. బోధనము, రచన మొదలగు వృత్తులనుగూర్చియు ముందే యోచింపవలెను.

పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిను శ్రీనివాసుగారు చిన్ననాటనుండి కర్ణాటక సంగీతమును సాధించిరి. ఆ బలముచేతనే పిదప జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందమున సరిసమానముగా వాయింపగలిగిరి. స్వసంగీతమున స్థిరపడినవానికి పరసంగీతము అపరిచితము గాదు. స్వేచ్ఛగా పాడుట జాజ్ లక్షణమే. ఆ స్వేచ్ఛ సాధన చేసినవానికే దక్కును. కావున విద్యార్థులారా, నేటి సాయంకాలమే పన్నెండు ఆవర్తనములను లెక్కించుట నారంభింపుడు.