కంపెనీ వార్షిక ఆర్థిక నివేదిక – కూర్పు విధానము

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు – ఈ మాటలు తెలుగువా, ఉర్దూవా అని మా తరగతిలో ఒకసారి వాదము చెలరేగినది. అరబ్బీ, పారశీక భాషలనుండి బయలుదేరి ఇరు భాషలయందును స్థిరపడిన మాటలివి. కావున ఉభయులును గెలిచిరని చెప్పి వాదము ముగించితిమి. పవిత్ర ఖుర్ఆనులోని వాక్యములన్నింటిలో మిక్కిలి దీర్ఘమైనది, రెండవ అధ్యాయమందలి 282వది, గడువుపై ఇచ్చు అప్పును వ్రాసికొనుటను గూర్చినదే. వ్రాయువాడు న్యాయముగా వ్రాయవలెననియు, సాక్షులుండవలెననియు అందు విధింపబడినది. వ్రాయువాడు, సాక్షి – ఈ ఇరువురిని మనస్సునందుంచుకొని కంపెనీ నివేదిక కూర్పును పరిశీలింతము.

2013 కంపెనీల చట్టము ప్రకారము కంపెనీ ఆర్థిక సంవత్సరము సాధారణముగా మార్చి 31తో ముగియును. ఆనాటికి చిట్టా, ఆవర్జా, నగదు పుస్తకము పూర్తిచేసి, నిల్వలు తేల్చి, అంకణా తయారుచేయుదురు. బ్యాంకు పుస్తకముతో మన పుస్తకమును పోల్చి సమన్వయ పట్టిక వ్రాయుదురు. ఇది బి.కాం. మొదటి సంవత్సరపు విద్యార్థి ఎరిగినదే. కూడికల శ్రమ నేడు కంప్యూటరు వంతైనది. కనుక ఇచట ఎక్కువ ఆగము.

అసలు పని సర్దుబాట్లతో మొదలగును. జనవరి 1న ఒక సంవత్సరమునకు 12,000 రూపాయల బీమా ప్రీమియము చెల్లించిన కంపెనీకి మార్చి 31 వరకు వర్తించు ఖర్చు 3,000 మాత్రమే. తక్కిన 9,000 ముందుగా చెల్లించిన ఖర్చుగా ఆస్తులలో చూపవలెను. మార్చి నెల జీతములు ఏప్రిలులో ఇచ్చినను ఆ భారము మార్చిదే. ఇట్టివి సులభము. కాని ఈ యంత్రము ఇంకను ఎన్ని ఏండ్లు పనిచేయును? మూడేండ్లుగా రాని బాకీలో ఎంత చేతికి వచ్చును? గిడ్డంగిలో మూలబడిన సరకును ఏ ధరకు చూపవలెను? సరకు విషయమున, కొన్న ధర, అమ్మినచో నికరముగా వచ్చు ధర – ఈ రెంటిలో ఏది తక్కువయో అదియే గ్రాహ్యమని నియమము కలదు. తక్కినవానియందు అంచనా తప్పదు. అంచనా ఉన్నచోట ఆశ ప్రవేశించును, ఆశ వెంట పైవారి ఒత్తిడియు ప్రవేశించును. గణకుని ప్రతిభ వేగమున ఉన్నదని మా విద్యార్థులు తలచుచుందురు. యజమాని ఎదుట నిలిచి "ఈ బాకీ రాదండి" అని చెప్పగలుగుట అంతకన్న కష్టమని మా అభిప్రాయము.

సర్దుబాట్లు ముగిసిన పిమ్మట చట్టము నిర్దేశించిన నమూనాలో ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల నివేదిక, నగదు ప్రవాహ నివేదిక, వానిపై వివరణలు సిద్ధమగును. నగదు ప్రవాహ నివేదిక విషయమున చిన్న కంపెనీలకు మినహాయింపు కలదు.

అంకణా కుదిరినచో లెక్క నిజమని నమ్మువారికి మన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఉదంతము మరువరాని పాఠము. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధ్యక్షుడు బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ వ్రాసెను. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనివేయని అందు ఒప్పుకొనెను. రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లు కూడ లేనివే. 1,230 కోట్ల అప్పు తక్కువగా చూపబడినది. ఆ త్రైమాసికమున రాబడి 2,700 కోట్లు, నిర్వహణ లాభము 649 కోట్లు అని చూపగా, నిజమునకు రాబడి 2,112 కోట్లు, లాభము 61 కోట్లు. ఒక్క దినముననే వాటా ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయినది. పొదుపు సొమ్మును అందు పెట్టిన చిన్న వాటాదారుల గతి చెప్పనేల! ఇదే కంపెనీకి 2008లో, ఉత్తమ పరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారము లభించియుండెను.

విద్యార్థులు ఇచట కాగితము తీసికొని తీసివేతలు చేయవలెను. రాబడిలో ఎక్కువ చూపినది 588 కోట్లు. లాభములో ఎక్కువ చూపినదియు 588 కోట్లే. లేని అమ్మకమునకు ఖర్చు లేదు గనుక అది యావత్తును లాభమైనది. మరి జంటపద్దు విధానమున అమ్మకమును క్రెడిటు చేసినప్పుడు దేనినో ఒకదానిని డెబిటు చేయక తప్పదు గదా! రుణగ్రస్తుల పేర వ్రాసి ఊరకున్నచో, ఏండ్ల తరబడి వసూలు కాని బాకీ చూచువారికి అనుమానము కలిగించును. ఆ సొమ్ము బ్యాంకుకు చేరినట్లు వ్రాసినచో ప్రశ్న అణగిపోవును. ఆ ఒక్క త్రైమాసికముననే లేని నిల్వ 588 కోట్లు పెరిగినదని లేఖయే చెప్పుచున్నది. అంకణా మాత్రము పైసాతో సహా కుదిరినది. అబద్ధమును ఇరువైపులను సమానముగా వ్రాసిరి గనుక కుదరక ఏమగును?

కావుననే సాక్షి అవసరము. ఆ స్థానము ఆడిటరుది. బ్యాంకు నిల్వ నిజమో కాదో తెలియుటకు ఆడిటరు తానే బ్యాంకుకు వ్రాసి, జవాబును నేరుగా తానే అందుకొనవలెను. కంపెనీవారు తెచ్చియిచ్చిన కాగితమునకు ఆ విలువ లేదు. సత్యం ఆడిటులో ఈ ధ్రువీకరణ పద్ధతి సరిగా పాటింపబడలేదని అమెరికా సెక్యూరిటీల కమిషను 2011లో తేల్చినది. లిస్టెడ్ కంపెనీలలోను, నిర్ణీత పరిమాణము మించిన మరికొన్నింటను ఒక ఆడిట్ సంస్థ వరుసగా పదేండ్లకు మించి కొనసాగరాదని 2013 చట్టము కట్టడిచేసినది. 2018లో జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ ఏర్పడినది. ఇవి మంచి ఏర్పాట్లే. అయినను ఆడిటరు మారి, చేతికిచ్చిన కాగితమును నమ్ము అలవాటు మారనిచో ప్రయోజనమేమో మాకు బోధపడదు.

తక్కిన తంతు క్లుప్తముగా చెప్పవచ్చును. లెక్కలను బోర్డు ఆమోదించి, అధికారము గల డైరెక్టర్లు సంతకము చేసిన పిదప ఆడిటరు తన నివేదికను జతపరచును. ఆ లెక్కలు కంపెనీ స్థితికి యథార్థమైన, న్యాయమైన రూపమును చూపుచున్నవో లేదో అతడు అందు చెప్పవలెను. వీనితోపాటు డైరెక్టర్ల నివేదికను చేర్చి, 21 దినముల ముందుగా వాటాదారులకు పంపి, సంవత్సరము ముగిసిన ఆరు నెలలలోగా, అనగా సెప్టెంబరు 30 లోపల, సర్వసభ్య సమావేశము జరుపవలెను. క్రొత్త కంపెనీ మొదటి సమావేశమునకు మాత్రము తొమ్మిది నెలల గడువు. సమావేశము జరిగిన 30 దినములలో ప్రతులు రిజిస్ట్రారుకు చేరవలెను. నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనను వానిని చూడవచ్చును. మా విద్యార్థులు ఈ సెలవులలో ఏదేని ఒక కంపెనీ నివేదికను సంపాదించి, లాభపు అంకె జోలికి పోక, మొదట వివరణలలోని బ్యాంకు నిల్వలను, ఏ బాకీ ఎంతకాలముగా నిలిచియున్నదో చూపు పట్టికను చదివి తరగతికి రావలెనని కోరుచున్నాము.