ఏతము – చమురు బావి
మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుండి నీరు పల్లానికి తానే పారుతుంది. బావినీటిని మాత్రం పూర్వం ఏతంతో తోడవలసి వచ్చేది. గుజరాత్‌లోని మెహసానా చమురు బావులపై తలయూపే దూలపు పంపు ఆ ఏతానికి దాయాదియే. బావిలో ఊట తగ్గితే పంపు సగమే నిండి, దిగే ప్లంజరు చమురుపై మోదుకొని కడ్డీలు దెబ్బతింటాయి. అప్పుడు ఊపు పొడవు తగ్గించవచ్చు. ('స్ట్రోకు'కు 'ఊపు' నా తెనుగు, ఇంజనీర్లు మన్నింతురు గాక.) క్రాంకు రంధ్రాలలో ఇరుసుకు దగ్గరి దానిలోనికి పిన్నును మార్చితే ఊపు కురచవుతుంది, రెండు క్రాంకులకూ ఒకే స్థానం ఉండాలి. పిన్ను తీయకముందే మోటారు ఆపి, కడ్డీల బరువును బావి ముఖాన బిగించి, క్రాంకులను గొలుసులతో కట్టాలి. బ్రేకు ఒక్కటే చాలుననుకోరాదు. అది జారితే ప్రతిభారం కింద మనిషి నలిగిపోతాడు. పిమ్మట ప్రతిభారాలను మరల తూచాలి, ప్లంజరు అడుగున తగులుతున్నదేమో పరీక్షించాలి.