టైరు మార్చుటకు ముందు ఇరుసును చూడవలెను

తెలుగులో ఇరుసు అన్నను, సంస్కృతములో అక్షము అన్నను, మా ఉర్దూ శాఖ మిత్రులు ధురా అన్నను వస్తువు ఒక్కటే. అది బండి క్రింద దాగి యుండుట వలన బరువునంతయు మోయుచున్నను దానిని ఎవరును తలచరు. భాషా బోధకులమైన మేము ఈ యంత్ర విషయమును ఎత్తుకొనుటకు కారణము కలదు. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి వరకు పొలముల దారులు వానాకాలమున బురదమయమగును. 2025 ఆగస్టు నెలాఖరు వర్షములకు ఈ ప్రాంతమున రోడ్లే దెబ్బతినినవి. అట్టి దారులలో నడుచుటకు జీపులకు పెద్ద టైర్లు వేయించవలెనను ఉత్సాహము మన యువకులలో కనిపించుచున్నది. ఉత్సాహము మంచిదే. కాని లెక్క లేని ఉత్సాహము ప్రాణముల మీదికి తెచ్చును.

మన పెద్దలు ఈ పాఠమును ఎడ్లబండి దగ్గరనే నేర్చిరి. కొయ్య చక్రమునకు బిగించిన సన్నని ఇనుప పట్టా బరువునంతయు కొద్దిపాటి నేల మీద మోపును. అందుచేత మెత్తని నేలలో బండి దిగబడును. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందెను. తరువాతి కాలమున అట్టి టైరు మన ఎడ్లబండికిని వచ్చెను. అయితే టైరు బండిలో మారినది టైరు ఒక్కటియే కాదు. పాత ఇరుసు స్థానమున బేరింగులు గల ఉక్కు ఇరుసు వచ్చెను. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అను సామెతకు పని తగ్గినది. చక్రము, ఇరుసు జంటగా మారినవి. అదియే సరియైన పద్ధతి.

జీపు చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపునకు 6.00-16 టైర్లు ఉండెడివి. అనగా టైరు వెడల్పు 6 అంగుళములు, రిమ్ము వ్యాసము 16 అంగుళములు. దాని ఇరుసులోని పండ్లచక్రముల నిష్పత్తి 4.88. అనగా గేరుబాక్సు వైపు నుండి వచ్చు షాఫ్టు 4.88 చుట్లు తిరిగినచో చక్రము ఒక చుట్టు తిరుగును. 1945లో రైతుల వాడకమునకు తగినట్లు సీజే-2ఏ జీపును తయారుచేసినపుడు టైరు కొలతను అట్లే ఉంచి, నిష్పత్తిని 5.38 చేసిరి. దీనివలన లాగు బలము సుమారు 10 శాతము పెరిగినది. పొలములో దిగవలసిన బండికి మార్చినది టైరు కొలత కాదు, ఇరుసు అని విద్యార్థులు గమనింపవలెను.

ఇక లెక్క చూతము. 245/75 ఆర్ 16 అను టైరు వెడల్పు 245 మి.మీ. దాని ప్రక్కగోడ ఎత్తు అందులో 75 శాతము, అనగా 183.75 మి.మీ. రిమ్ము 16 అంగుళములు, అనగా 406.4 మి.మీ. రెండు ప్రక్కగోడలును కలుపగా టైరు వ్యాసము సుమారు 774 మి.మీ. దాని స్థానమున 265/75 ఆర్ 16 వేసినచో వ్యాసము సుమారు 804 మి.మీ. అగును. పెరిగినది 30 మి.మీ. అయినను ఇరుసు నేల నుండి లేచునది అందులో సగము, 15 మి.మీ. మాత్రమే. ఈ కొద్దిపాటి ఎత్తునకు చెల్లింపవలసిన మూల్యము ఇట్లుండును.

1. చక్రము నేలను నెట్టు బలము సుమారు 4 శాతము తగ్గును.

2. ఇంతకుముందు సరిగా చూపుచుండిన స్పీడోమీటరు 60 చూపినపుడు బండి 62 కి.మీ. వేగమున పోవుచుండును.

3. పాత బ్రేకులే పెద్ద చక్రమును ఆపవలసి వచ్చును.

4. వెడల్పు రిమ్ము వలన చక్రము వెలుపలికి జరిగినచో ఇరుసు కొనపై వంచు బలము పెరుగును.

చివరి అంశము ముఖ్యమైనది. కొన్ని ఇరుసులలో చక్రమును త్రిప్పు కడ్డీయే బరువును కూడ మోయును. అది విరిగినచో చక్రమే ఊడిపోవచ్చును. మరికొన్నిటిలో బరువును పై తొడుగు మోయును, కడ్డీకి త్రిప్పు పనియే మిగులును. భారపు లారీలలో సాధారణముగా ఈ రెండవ పద్ధతియే ఉండును. తన బండికి ఏ ఇరుసు ఉన్నదో తెలియక టైరు మార్చుట కండ్లకు గంతలు కట్టుకొని వాగు దాటుట వంటిది.

అయితే బురదలో ఏమి చేయవలెను? మొదటి మందు గాలి. టైరులో గాలిని కొంత తగ్గించినచో అది నేలపై వెడల్పుగా పరచుకొని, దిగబాటు తగ్గును. రోడ్డు ఎక్కగానే మరల నింపవలెను. తక్కువ గాలితో వేగముగా పోయిన టైరు వేడెక్కి పగులును. అప్పటికిని పెద్ద టైరు అవసరమనిపించినచో నిష్పత్తిని, బేరింగులను, బ్రేకులను తెలిసిన మెకానిక్కుచే పరీక్ష చేయింపవలెను. తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నదని కూడ మరువరాదు.

ఎల్లారెడ్డి దారిలో జీపు ఎక్కు వృద్ధురాలు టైరు కొలత అడుగదు, ఇరుసు సంగతి అడుగదు. నడుపువాడు తెలిసినవాడని నమ్మి కూర్చుండును. ఆ నమ్మకమును నిలుపుటయే మన చదువునకు ప్రయోజనము. కళాశాల కమిటీ వారు ఒక పాత జీపు ఇరుసును, ఒక ఎడ్లబండి చక్రమును తెప్పించి ప్రయోగశాలలో ఉంచినచో, ఈ పాఠమును విద్యార్థులు చేతితో తాకి నేర్చుకొందురని మా మనవి.