వ్యాధి సోకిన ఇంటికి సమాజము తోడు నిలుచుట

మహాభారతమున అరణ్యపర్వములో యక్షుడు ధర్మరాజును పెక్కు ప్రశ్నలు అడిగెను. పరదేశమునకు పోవువానికి, గృహస్థునకు, రోగికి, మరణము సమీపించినవానికి మిత్రులెవరన్నది వానిలో నొకటి. ప్రయాణికునకు తోటి ప్రయాణికులును, గృహస్థునకు భార్యయు, రోగికి వైద్యుడును, మరణింపబోవువానికి దానమును మిత్రులని ధర్మరాజు చెప్పిన సమాధానము యొక్క సారము. దక్షిణాఫ్రికాలోని ఆంధ్రుల చరిత్రను పరిశీలించినచో ఈ మైత్రులన్నియు ఒకచోట చేరినట్లు కనబడును. ఓడలో తోడు వచ్చినవారే చెరకుతోటలలో పొరుగువారైరి. ఆ పొరుగువారే రోగికి పరిచారకులు కావలసివచ్చెను.

1. పూర్వుల పద్ధతి

మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16వ తేదీన దర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు ఒప్పంద కూలీలుగా నేటాలునకు వచ్చిన భారతీయులు 1,52,184 మంది. వారిలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తరార్కాటు మొదలగు ప్రాంతముల తెలుగువారును కలరు. తొలి ఒప్పందముల ప్రకారము మొదటి సంవత్సరమున మగకూలికి నెలకు 10 షిల్లింగులు మాత్రమే జీతము. మేనమామలు, పినతండ్రులు, అక్కచెల్లెండ్రు సముద్రమునకు ఆవల నుండిపోయిరి. కావున జ్వరపడినవానికి గంజి కాచి పోయుటకు ప్రక్కగది వారే బంధువులైరి.

గాంధీజీ దర్బనులో న్యాయవాదిగా నున్న దినములలో, డాక్టరు బూత్ నడపిన చిన్న ధర్మాసుపత్రిలో ప్రతిదినము గంటయో రెండు గంటలో మందులిచ్చు పని చేసెను. ఆ ఆసుపత్రి పార్సీ రుస్తుంజీ గారి దానముతో ఏర్పడినది. అచ్చటకు వచ్చిన రోగులలో అధికులు తమిళ, తెలుగు, ఉత్తర హిందూదేశపు ఒప్పంద కూలీలని గాంధీజీ తన ఆత్మకథలో వ్రాసియున్నాడు. తరువాత 1941లో, క్షయవ్యాధిగ్రస్తులైన భారతీయుల సంరక్షణకై దర్బనులో ఫోసా అను రోగి మిత్ర సంఘము ఏర్పడెను. వకీలు ఆర్. కె. ఖాన్ గారి పేరిటి ధర్మనిధి కృషివలన చాట్స్‌వర్తులో 1969లో పెద్ద ఆసుపత్రి తెరువబడెను. ఈ సంస్థలన్నియు, ఒకరి వ్యాధి పదుగురి బాధ్యత అని తలచినవారి వలన పుట్టినవి.

2. నేడు ఏర్పాటు ఏల అవసరము?

దర్బను నగరపాలక సంఘపు కూలీలు నివసించిన మేగజీన్ బేరక్సులో తెలుగు, తమిళ కుటుంబములు గోడకు గోడ ఆనుకొని యుండెడివి. ఒక గదిలోని దగ్గు ప్రక్కగదికి వినబడెడిది. పొయ్యి వెలుగని ఇల్లు ఏదియో అందరికి తెలిసెడిది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము అనంతరము అట్టి బస్తీలు చెదరిపోయెను. 1960 తరువాతి సంవత్సరములలో ఆ కుటుంబములు చాట్స్‌వర్తునకు తరలింపబడెను. వారి సంతతివారు నేడు ఫీనిక్సు, జోహానెస్‌బర్గు మొదలుకొని విదేశముల వరకు వ్యాపించియున్నారు. పూర్వము అడుగకయే అందిన సహాయము నేడు ఎవరైన పూనుకొని సమకూర్చిననే గాని అందదు.

మరియొక అడ్డంకి ఇంటిలోపలనే కలదు. వ్యాధి సంగతి బయటికి పొక్కినచో కుమార్తె పెండ్లికి ఆటంకమగునని కొందరును, చేయి చాచుట పరువు తక్కువ యని కొందరును మౌనము వహింతురు. అప్పులు పెరిగి, ఇంటి సామగ్రి అమ్మిన పిమ్మట గాని ఆ మౌనము వీడదు. కావున సమాజము పిలుపుకొరకు వేచియుండరాదు; మెల్లగా తలుపు తట్టవలెను.

3. ధనమొక్కటియే చాలదు

మధుమేహము దక్షిణాఫ్రికా భారతీయులలో అధికముగా కనబడు వ్యాధి. అది ముదిరి మూత్రపిండములు చెడినవారికి సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు, ప్రతి పర్యాయము సుమారు నాలుగు గంటలు, యంత్రముచే రక్తశుద్ధి జరుగవలెను. రోగి ఉద్యోగము నిలుపుకొనుట దుర్లభము. అతనిని తీసికొనిపోవు భార్య యొక్కయో కుమారుని యొక్కయో జీతము కూడ తరుగును.

దర్బను నివాసి త్యాగరాజ్ సుబ్రమణి గారి వ్యాజ్యము దేశమంతట తెలిసినదే. 41 సంవత్సరముల వయస్సున మధుమేహముతోను, గుండెజబ్బుతోను, మూత్రపిండముల వైఫల్యముతోను బాధపడుచు, ప్రైవేటు చికిత్సకు చేతనున్న ధనము వెచ్చించి, అది తరిగిపోగా ప్రభుత్వాసుపత్రిలో డయాలిసిస్ కోరెను. యంత్రములు కొలది యగుటచే, మూత్రపిండ మార్పిడికి అర్హులైనవారికే ఆ చికిత్స నిచ్చు నియమము కలదనిరి. 1997 నవంబరు 27న రాజ్యాంగ న్యాయస్థానము ఆ నియమమును సమర్థించెను. కొలది దినములలోనే ఆయన మరణించెను. నేటికిని ప్రభుత్వాసుపత్రులలో డయాలిసిస్ స్థానములు అవసరమునకు చాలవు.

ఇందు గ్రహింపవలసినది కలదు. ప్రైవేటు చికిత్స వ్యయమును ఏండ్ల తరబడి మోయుట ఒక సభకు సాధ్యము కాకపోవచ్చును. సహాయమనగా చందా మాత్రమే యని తలచినచో, చందా ముగిసిన దినముననే సహాయమును ముగియును. కాలము, శ్రమ, రక్తము, ఓదార్పు అనునవి చందా ముగిసిన పిదప కూడ ఇయ్యదగినవి.

4. ఆచరింపవలసిన విధులు

మొదటిది, ఆ కుటుంబమునకు నమ్మకమైన ఒక్కరిని మధ్యవర్తిగా ఎన్నుకొనవలెను. ఏమి కావలెనో కుటుంబమునే అడిగి వ్రాసికొనవలెను. వ్యాధి పేరు సభలో చెప్పవచ్చునా లేదా అన్నది రోగియే నిర్ణయించును.

రెండవది, పనులను వారములవారీగా పంచుకొనవలెను. ఆసుపత్రికి కారులో తీసికొనిపోవుట, పిల్లలను బడినుండి తెచ్చుట, వంట, బట్టలుతుకుట ఎవరెవరు ఏ దినమున చేయుదురో పట్టికగా వ్రాయవలెను. రాత్రింబవళ్లు సేవచేయు ఇల్లాలికి వారమునకు ఒక పూటయైన విశ్రాంతి దొరకునట్లు చూడవలెను.

మూడవది, ఆహారము వైద్యుని సలహాను అనుసరింపవలెను. డయాలిసిస్ రోగికి ఉప్పును, నీటిని, పొటాషియము గల పదార్థములను మితము చేయుదురు. ప్రేమతో తెచ్చిన ఊరగాయ, గుడి ప్రసాదముగా ఇచ్చిన అరటిపండు, కొబ్బరినీరు కూడ హాని చేయవచ్చును. కేన్సరు మందులు తీసికొనుచున్నవారి యొద్దకు జలుబు, జ్వరము గలవారు పోరాదు.

నాలుగవది, ధనసేకరణ చేసినచో రశీదు, లెక్కపుస్తకము, ఇద్దరి సంతకములు ఉండవలెను. సాధ్యమైనంతవరకు ఆసుపత్రి బిల్లును, బడి ఫీజును నేరుగా చెల్లించుట మేలు. దాత ఎంత ఇచ్చెనో రోగి ఎదుట చెప్పరాదు. పనిచేయలేని స్థితిలో నున్నవారికి ప్రభుత్వము డిసెబిలిటీ గ్రాంటు ఇచ్చును. తీవ్ర వైకల్యముతో నిరంతర పరిచర్య అవసరమైన పిల్లల సంరక్షకులకు వేరొక గ్రాంటు కలదు. ఆదాయ నియమములు తెలిసి ఫారములు పూర్తిచేయగల యువకుడు ఒకడు తోడు పోయినను గొప్ప సహాయమే.

ఐదవది, రక్తదానము. రక్త కేన్సరు గలవారిలో కొందరికి ఇతరుల ఎముక మజ్జయొక్క మూలకణములు అవసరమగును. అవి సరిపోలుట తల్లిదండ్రులనుండి వచ్చు కణజాల లక్షణములపై ఆధారపడును. తోబుట్టువు సరిపోలు అవకాశము నాలుగింట ఒకటి. బయటివారిలో ఒకే పూర్వీకతగలవారి యందే సరిపోలు అవకాశము ఎక్కువ. 1991లో స్థాపింపబడిన దక్షిణాఫ్రికా ఎముక మజ్జ రిజిస్టరులో యువతీయువకులు పేరు నమోదు చేసికొనినచో, ధనవంతుడు సైతము కొనలేని దానమును చేయగలుగుదురు.

ఆరవది, రామభజనము చేయవలెను, మందును మానరాదు. భజన రోగి మనస్సునకు బలమునిచ్చును. ఇది పూర్వజన్మ పాపమనియో, దిష్టి తగిలినదనియో రోగి చెవిన వేయుట భక్తి కాదు. ఇల్లు మోయుచున్న గాయమునకు అది మరియొక గాయము.

5. మూడవ నెల పరీక్ష

వ్యాధి తెలిసిన మొదటి వారమున ఇల్లు జనముతో నిండును. కుర్చీలు చాలవు, వంటలు మిగిలిపోవును. మూడవ నెలకు ఫోను మ్రోగదు. సమాజము యొక్క నిజమైన బలము ఆ మూడవ నెలలో తెలియును. కావున పని పట్టికను మొదటి దినముననే ఆరు నెలలకు వ్రాసి, నెలకొకసారి సరిచూడవలెను. రోగి కోలుకొనినచో అతడు పనిలో చేరువరకును, మరణించినచో పెద్దకర్మ ముగిసిన తరువాతను, ఆ ఇంటి పిల్లల చదువు సాగునట్లు తోడు కొనసాగవలెను.

పరదేశమున అడుగుపెట్టిన పూర్వులకు బంధుబలము లేదు, ధనబలము లేదు. ఒకరికొకరు ఉండిరి, అందువలననే వారి సంతతి నిలిచెను. ఆ ఋణమును వారికి తిరిగి చెల్లించుటకు వీలులేదు. నేడు దీపము మసకబారిన పొరుగింటి యందు దానిని చెల్లింపవచ్చును.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఈ ప్రాంతపు ఆంధ్ర కుటుంబములలో దీర్ఘవ్యాధితో బాధపడుచున్నవారి ఇంటికి గత నెలలో ఎవరైన పోయిరా?

2. సహాయము కోరుటకు సిగ్గుపడు కుటుంబమునకు పరువు భంగము కాకుండ ఎట్లు తోడ్పడవచ్చును?

3. భజన బృందములోని ప్రతివారును, ధనము గాక, వారమునకు ఒక గంట ఇచ్చినచో ఏయే పనులు నెరవేరును?